నూక ఏ గడిలో రాయాలి

ఈ లోకంలో ఖర్చులు రెండే రకాలు: మిఠాయిని చేసేవి, మిఠాయిని తినేవి. పుస్తకంలో ఇలా రాసి ఉండదు. కానీ కాస్ట్ అకౌంట్స్ పరీక్ష ఏడుసార్లు తప్పినవాడిగా ఆ పుస్తకం మీద నాకు కొంత హక్కుంది.

నా పేరు గోమతినాయగం. కోవిల్‌పట్టిలో శెన్బగవల్లి అక్క పల్లీ మిఠాయి కార్ఖానాలో తొమ్మిదేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. అక్క భర్త బతికున్న రోజుల్లో లెక్క చాలా సులువు. సాయంత్రం గల్లాపెట్టె తెరిస్తే ఉన్నది లాభం, లేనిది ఖర్చు. ఆయన పోయాక అక్క కూడా అదే పద్ధతి పట్టుకుంది. నా పనల్లా పన్ను కాగితాలు నింపడం, బెల్లం బస్తాలు దిగినప్పుడు సంతకం పెట్టడం. నాకొచ్చిన విద్యలో వీసమెత్తు కూడా ఇక్కడ ఎవరికీ అక్కర్లేదే అని లోపల్లోపల కుమిలిపోతూ ఉండేవాణ్ణి.

చివరికి ఆ అక్కరేదో ఓ రోజు మదురై నుంచి కారేసుకుని వచ్చింది. దాని పేరు జెబరాజ్. ఓ సూపర్‌మార్కెట్ కంపెనీకి సరుకు కొనే మనిషి. నెలకు నాలుగు వేల కిలోలు, అంటే మేం చేసేదంతా, వాళ్ళే తీసుకుంటారట. కాకపోతే కిలోకి మూడు రూపాయలు తగ్గించాలట.

"కిలో చెయ్యడానికి మీకెంత పడుతుందమ్మా?" అన్నాడు.

"పడాల్సినంత పడుతుంది," అంది అక్క.

ఆయన నవ్వి ఓ కాగితం ఇచ్చాడు. ఖర్చులన్నీ రకాలవారీగా విడగొట్టి అందులో నింపాలి. ఆయన కారు మలుపు తిరగ్గానే అక్క నా వైపు చూసింది. తొమ్మిదేళ్ళలో అక్క నా వైపు అలా చూడడం అదే మొదలు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగిందని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మర్నాడు టీ వేళకి, పల్లీల ధర రాసే నల్లబోర్డు తుడిచి నాలుగు గడులు గీశాను. ప్రత్యక్షం, పరోక్షం, స్థిరం, చరం. పాకం మాస్టర్ సుడలైముత్తు, ప్యాకింగ్ ఆడవాళ్ళు పన్నెండు మంది, అక్క, అందరూ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరారు.

"మిఠాయిలో కనిపించేది ప్రత్యక్షం. పల్లీ, బెల్లం, దాన్ని చేసే చేతి కూలి. కనిపించనిది పరోక్షం. కరెంటు, అద్దె," అన్నాను.

"నన్నెక్కడ రాశావు అన్నాచ్చీ?" అన్నాడు సుడలైముత్తు.

"ప్రత్యక్షంలో. బెల్లం కింద."

"ముప్పయ్యేళ్ళు పాకం తిప్పిన మనిషిని, బెల్లం కింద రాస్తావా? పైన రాయి."

పైన రాశాను. కట్టెల దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. సరుకు పెరిగితే పెరిగే ఖర్చు చరం, ఏం చేసినా మారనిది స్థిరం అని చెప్పాను. ఒక్క వాయి పోసినా పది వాయిలు పోసినా పొద్దున పొయ్యి రాజేసే కట్టెలు అవే, అవి స్థిరమన్నాడు సుడలైముత్తు. ఆ తర్వాత వాయి వాయికీ తోసేవి చరమన్నాడు. నేను పుస్తకంలో రెండు పేజీలు చదివి తెలుసుకున్న ముక్క అది. కొంచెం ఒళ్ళు మండింది.

పొయ్యి పైన గోడకి పిళ్ళైయార్, అంటే వినాయకుడి పటం ఉంది. మొదటి వాయి మొదటి ముక్క ఆయనది, రోజూ. ఆయన్ని ఏ గడిలో రాయాలని ఎవరో అడిగారు.

"ప్రచార ఖర్చు. సరుకు తింటాడు, డబ్బివ్వడు, అయినా నలుగురికీ మన పేరు చెబుతాడని ఆశ," అన్నాను.

"లెంపలేసుకో," అంది అక్క. వేసుకున్నాను. గడి మాత్రం మార్చలేదు.

అప్పుడే వెళ్ళైచ్చామి దిగాడు. అక్కకి తమ్ముడు, మాకు మేనేజరు, యాభై రెండేళ్ళు. పదకొండింటికి వస్తాడు. ప్రతి పళ్ళెం దగ్గరా ఆగి ఓ మూల ముక్క విరిచి నోట్లో వేసుకుంటాడు. దాన్ని పదును చూడడం అంటాడు. పదును చూసి చూసి అలసిపోయి పల్లీ బస్తాల మీద నడుం వాలుస్తాడు. లేచాక నా క్యారియర్ తెరిచి వడియాలు ఏరుకు తింటాడు. జీతం పన్నెండు వేలు.

"స్థిర ఖర్చంటే ఏంటోయ్ గోమతీ?"

"కార్ఖానా నడిచినా మూతపడినా మారకుండా వచ్చిపడేది."

"అయితే అది నేనే. రాసుకో."

రాసుకున్నాను. ఆయన ఆ సాయంత్రం టీ కొట్లో కూర్చుని, మిగతావాళ్ళంతా ఇవాళుండి రేపు పోయేవాళ్ళనీ, తానొక్కడే స్థిరమని లెక్కల్లో తేలిందనీ చెప్పుకున్నాడట.

చివరికి పేచ్చియమ్మాళ్ నోరు విప్పింది. ప్యాకింగ్ బల్ల దగ్గర అందరికన్నా పాత మనిషి. "మరి నూక?" అంది.

విరిగిన ముక్కలు, అంచుల పొడి, అదంతా మా దగ్గర నూక. వందకి మూడు కిలోలు తేలుతుంది. దాన్ని ఎప్పుడూ అమ్మలేదు. బల్ల పక్కన ఓ పళ్ళెంలో పడేస్తారు. శనివారం సాయంత్రం పన్నెండు కుప్పలు పోసి ఆడవాళ్ళు డబ్బాల్లో పట్టుకుపోతారు. తినగా మిగిలింది వీధిలో అమ్ముకుంటారు. మొదటి ఏడాది దీపావళి బోనసుకి డబ్బుల్లేక అక్క భర్త పెట్టిన వాడుక అది.

"నూక సహజ నష్టం," అని పక్కన ఇంకో గడి గీశాను. " పాకం పోసి కోసేచోట కొంత విరక్క మానదు. ఆ నష్టం ఎవరి మీదా వేయకూడదు. దాని ఖరీదు మంచి ముక్కలే తలా కాస్తా పంచుకుని మోస్తాయి," అన్నాను.

"ఎవరి మీదా వేయకూడదా?"

"వేయకూడదు."

"పుణ్యాత్ముడే ఆ పుస్తకం రాసినాయన," అంది పేచ్చియమ్మాళ్.

ఇక్కడ ఓ నిజం చెప్పాలి. ఏడుసార్లూ నేను తప్పింది ఈ ప్రశ్న దగ్గరే. సూత్రం నోటికొచ్చు. కాగితం మీదికొచ్చేసరికి మాత్రం, విరిగిందంటే ఎవడో విరిచే ఉంటాడు, వాడి పేరు మీద రాయకపోతే ఎలా అని చెయ్యి లాగుతుంది.

లెక్క తేలింది. కిలోకి మూడు రూపాయలంటే, నాలుగు వేల కిలోలకి నెలకి పన్నెండు వేలు. అది ఎక్కడినుంచి తియ్యాలి? సమాధానం పల్లీ బస్తాల మీద గుర్రు పెడుతోంది. మర్నాడు పొద్దున్నే అక్క గదిలోకి వెళ్ళి, గొంతు తగ్గించి, మేనేజరుగారి పేరు చెప్పాను.

అక్క కోప్పడలేదు. "సరే, తీసేశాం. వాడింటికి బియ్యం ఎవరు కొంటారు?"

"మీరే అక్కా."

"డబ్బు?"

"మీ ఇంటి ఖర్చులోంచి."

"నా ఇల్లు దేనిమీద నడుస్తోంది?"

"కార్ఖానా మీద."

"మరి ఏం తీసేసినట్టు?"

తీసేసినా పోని ఖర్చుల గురించి పుస్తకంలో ఓ అధ్యాయం మొత్తం ఉంది. ఎనిమిదో తరగతితో ఆపేసిన మనిషి నాలుగు ప్రశ్నల్లో దాన్ని ముగించేసింది. తలుపు దగ్గరికి వెళ్ళినవాణ్ణి వెనక్కి తిరిగాను. ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మని కొట్టాడని సామెత. నేను అదే చేశాను.

"అక్కా, నూక నెలకి నూట ఇరవై కిలోలు. ఐస్‌క్రీం వాళ్ళు కిలో వంద పెట్టి కొంటారు. సరిగ్గా పన్నెండు వేలు."

"అది వాళ్ళది."

"వాళ్ళదని ఎక్కడ రాసుంది? పైగా వాళ్ళు కావాలని విరుస్తున్నారు."

నోటికొచ్చి అన్నాను గానీ, అన్నాక రుజువు కావాలిగా. రెండు రోజులు బెల్లం బస్తాల చాటున నోటుబుక్కుతో కూర్చున్నాను. రెండోరోజు మూడింటికి దొరికింది. పేచ్చియమ్మాళ్ ఓ నిండు ముక్కని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో టక్కున రెండు చేసి, పళ్ళెంలో వేసింది. కనురెప్ప కూడా కదల్లేదు. టైముతో సహా రాసుకుని పరుగున వెళ్ళి అక్కకి చూపించాను. అక్క చాలాసేపు కిటికీలోంచి చూసి, ఒక్క నెల చూద్దాం అంది. ఆ గొంతులో నాకు ఇష్టం వినిపించలేదు. ఒప్పుకోవడం మాత్రమే విన్నాను, అది చాలనుకున్నాను.

శనివారం కుప్పలు పోసే వేళకి వెళ్ళి నేనే చెప్పాను. పన్నెండు డబ్బాలు మూతలు తీసి వరసగా ఉన్నాయి. ఎవరూ అరవలేదు. అరుస్తారని నాలుగు సమాధానాలు కూడా సిద్ధం చేసుకునే వెళ్ళాను.

"సరే అన్నాచ్చీ," అంది పేచ్చియమ్మాళ్. "ఇకనుంచి నూక మీది." ఖాళీ డబ్బాకి మూత పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి వారం నా జన్మలో మంచి వారం. వందకి మూడు కిలోలుండే నూక ఒక్క కిలోకి పడిపోయింది. చూశారా, విరవడం మానేశారు! మిగతా రెండు కిలోలూ నిండు ముక్కలుగా నిండు ధరకి పోతున్నాయి. అంటే పన్నెండు వేల కన్నా ఎక్కువే మిగులుతుంది. కొత్త పెన్ను కొనుక్కున్నాను. ఎనిమిదోసారి పరీక్ష ఫీజు కట్టేద్దామా అని కూడా ఆలోచించాను. మొదటి వెయ్యి కిలోలు, మూడు రూపాయలు తగ్గించిన ధరకే, లారీ ఎక్కి మదురై వెళ్ళాయి.

నాలుగోరోజు జెబరాజ్ వచ్చాడు. వెనకాలే మా సరుకుతో ఓ వ్యాను. అక్క బల్ల మీద ఓ ప్యాకెట్ కత్తిరించి తలకిందులుగా పట్టుకున్నాడు. జలజలా నూక రాలింది. ఇంకోటి కత్తిరించాడు. మళ్ళీ నూకే.

"మేం మిఠాయి అడిగామమ్మా. ఇది పక్షులకి వేసేలా ఉంది."

అక్క ఆ కుప్పని చూసింది. నన్ను చూసింది. పేచ్చియమ్మాళ్‌ని పిలిపించింది.

"ఏంటే ఇది?"

"పగుళ్ళక్కా," అంది పేచ్చియమ్మాళ్, కుప్పలో వేలు పెట్టి చూసి. "కోసినప్పుడే వెంట్రుకంత పగులు పడుతుంది. ఇక్కడ చూస్తే నిండు ముక్కే. లారీలో నాలుగు గతుకులు తగిలితే విడిపోతుంది. మునుపు అలాంటివి ఏరి పక్కన పడేసేవాళ్ళం."

"ఇప్పుడెందుకు పడెయ్యలేదు?"

"ఇప్పుడు కళ్ళకి ఆనట్లేదక్కా."

"పన్నెండు మందికీ ఒకేసారి చూపు పోయిందా?"

"నూకతో పాటే పోయింది," అంది పేచ్చియమ్మాళ్. "మాకు పెట్టెకింతని ఇస్తారు. ఎన్ని పెట్టెలు నింపితే అంత. పగుళ్ళు ఏరుతూ కూర్చుంటే పెట్టెలు తగ్గుతాయి, కూలి తగ్గుతుంది. ఏరినందుకు ఎవరైనా విడిగా పైసా ఇచ్చారా? ఆ కూలే నూక. పోయిన పెద్దాయనకి అది తెలుసు."

అయినా నేను ఊరుకోలేదు. "నిండు ముక్కని విరిచావు కదా! పన్నెండో తారీకు, మూడింటికి! నేను చూశాను!"

"విరిచా. మనవరాలి పుట్టినరోజు. అదొక్కటే కాదు, మొత్తం నాలుగు విరిచా. పిల్లకి పొడి పెడతానా? ముక్కలే పెడతా. నువ్వు ఒకటే రాసినట్టున్నావు, మిగతా మూడూ కూడా రాసుకో."

జెబరాజ్ కూడా నవ్వాడు. ఒక్క నవ్వుతో నా నోటుబుక్కు విలువ పోయింది. ఇంకో అవకాశం ఇస్తాననీ, సోమవారానికి వంద కిలోలు నిండు ముక్కలు కావాలనీ, మూడు రూపాయల మాట మాత్రం మారదనీ, ఆ ఖర్చుల కాగితం కూడా సరిచేసి పంపమనీ చెప్పి వెళ్ళాడు.

అక్క లేచి బోర్డు దగ్గరికి నడిచింది. అందర్నీ పిలిచింది. నా చేతిలో చాక్‌పీసు పెట్టింది.

"మళ్ళీ రాయి. ఈసారి చూసినట్టు కాదు, ఉన్నట్టు రాయి. ఏది తీసేస్తే మిఠాయి మారదో దాని చుట్టూ సున్నా చుట్టు. పన్నెండు వేలు అక్కణ్ణించి తీద్దాం."

మొదలుపెట్టాను. పల్లీ తీస్తే మారుతుంది. బెల్లం తీస్తే మారుతుంది. సుడలైముత్తు లేకపోతే పాకం మాడుతుంది. నూకని నష్టం గడిలోంచి చెరిపి ప్రత్యక్షంలో, చేతి కూలి పక్కన రాశాను. ఆ గడిలో దాని చోటు దానికి ముందే ఉన్నట్టుంది. వెళ్ళైచ్చామి తీసేసినా పోడు. పిళ్ళైయార్‌ని ముట్టుకునే ధైర్యం ఆ పూట లేదు.

ఇంకొక్కటే మిగిలింది. కార్ఖానా ఆఫీసు ఖర్చు. లెక్కలు రాసే మనిషి, నెలకి పన్నెండు వేలు. పల్లీ వేయించడు, పాకం తిప్పడు, ముక్క కొయ్యడు, పెట్టె నింపడు. ఒక్కసారి మిఠాయి జోలికి వెళ్ళాడు, వెళ్ళినందుకు వెయ్యి కిలోలు వెనక్కొచ్చాయి. తీసేస్తే మిఠాయి మారదు. బాగుపడుతుందేమో కూడా.

దాన్ని దాచెయ్యడం నాకొచ్చు. 'ఇతర ఖర్చులు' అని రాస్తే ఎవరికీ తెలియదు. ఆ ఊహ వచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది. భయం కూడా వేసింది. నలభై నాలుగేళ్ళ వయసులో, ఏడుసార్లు పరీక్ష తప్పిన వాణ్ణి ఏ కార్ఖానా పిలుస్తుంది? ఇంటద్దె గుర్తొచ్చింది. పొద్దున క్యారియర్ సర్దుతూ, వడియాలు మీకు దక్కవు కదా అని రెండు ఎక్కువ పెట్టే మా ఆవిడ గుర్తొచ్చింది. వెనక పన్నెండు మంది ఆడవాళ్ళు నిలబడ్డారు. ఆ శనివారం నేను వాళ్ళ నెలకి పదేసి కిలోలు ఇలాగే ఒక్క గీతతో కొట్టేశాను కదా.

గోమతినాయగం, పన్నెండు వేలు అని రాసి, చుట్టూ సున్నా చుట్టాను. చుట్టేటప్పుడు చాక్‌పీసు విరిగింది.

ముందు తేరుకున్నది వెళ్ళైచ్చామి.

"అదేంటక్కా! వీడు పోతే వీడి క్యారియర్ కూడా పోతుందిగా!"

"నువ్వు నోరు మూసుకో తమ్ముడూ," అంది అక్క. బోర్డు మీంచి కళ్ళు తిప్పలేదు.

పేచ్చియమ్మాళ్ గొంతు సవరించుకుంది. "అక్కా, ఆ రోజు అన్నాచ్చి ఇంకో గడి చెప్పాడు. కొంత విరక్క మానదు, ఎవరి మీదా వేయకూడదు, మంచి ముక్కలే మోస్తాయన్నాడు. ఆ గడి ఇప్పుడు ఖాళీగా ఉందిగా."

"ఉంది."

"మరి ఇతన్ని అందులో వెయ్యి. మనం పద్నాలుగు మందిమి ఉన్నాం, మొయ్యలేమా? పైగా సోమవారం కాగితం ఎవరు నింపుతారు, నువ్వా నేనా?"

"పదిహేను మంది," అన్నాడు వెళ్ళైచ్చామి. తనని లెక్కలోంచి వదిలేసిందని ఆయనకి రోషం వచ్చింది.

అక్క కింద పడ్డ చాక్‌పీసు ముక్క తీసుకుంది. సున్నా చెరిపింది. నా పేరు 'సహజ నష్టం' గడిలో స్వయంగా రాసింది. అందరూ చూస్తుండగా, అంత పెద్ద అక్షరాలతో. అలాంటి గౌరవం ఎవరికీ వద్దు గానీ, నాకు ఆ క్షణంలో ప్రాణం లేచొచ్చింది.

తర్వాత అక్క జెబరాజ్‌కి ఫోన్ చేసింది. "మూడు రూపాయలు ఎక్కడా దొరకలేదు బాబూ. నీకు ముక్కలు నిండుగా రావాలంటే నా దగ్గర నూక ఉండాలి. ధర మొదట చెప్పినదే. చవగ్గా కావాలంటే చెప్పు, పోయిన వారం సరుకు ఇంకా ఉంది," అంది. అవతల ఆయన చాలా మాట్లాడాడు. చివరికి సోమవారం సరుకు చూశాక, పాత ధరకే, నెలకి రెండు వేల కిలోలకి ఒప్పుకున్నాడు. మిగతా సగం ఎప్పట్లాగే మా ఊరి కొట్లకి పోయింది. ఆ కొట్లవాళ్ళని వదిలేసుకోబోయామన్న సంగతి అప్పుడు తట్టింది నాకు.

శనివారం సాయంత్రం నేను కావాలనే పన్ను కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. పేచ్చియమ్మాళ్ తలుపు దగ్గరికొచ్చి, "డబ్బా పట్టుకురా అన్నాచ్చీ," అంది. వెళ్ళి చూస్తే బల్ల మీద పదమూడు కుప్పలున్నాయి.

"నాకెందుకు? నేను ఏరలేదుగా."

"మేం ఏరినవాటిలో నువ్వూ ఉన్నావుగా. పట్టు."

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేను క్యారియర్ గిన్నె పట్టాను. ఇంటికెళ్ళి మూత తీస్తే, పొడి మీద రెండు ముక్కలు విడిగా పెట్టి ఉన్నాయి. పక్కపక్కన పెట్టి కలిపాను. అతుకు కనబడనంతగా సరిపోయాయి. ఎక్కడా పగులు లేదు. బొటనవేలితో టక్కున విరిచిన నిండు ముక్క అది.

ఆ ముక్కని నేను ఏ గడిలోనూ రాయలేదు.